న్యూ డీల్

న్యూ డీల్ అనగా అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ డి. రూజ్‌వెల్ట్ 1933 - 1939 మధ్య కాలంలో మహా ఆర్థిక మాంద్యాన్ని ఎదుర్కొనుటకు చేపట్టిన సంస్కరణల సముదాయం. అదే మాంద్యం జర్మనీలో నాజీల నియంతృత్వానికి దారితీసినది. అందువలన ఈ రెండు పరిణామాలను కలిపి పరిశీలించవలసి ఉన్నది.

నేపథ్యం

1929 అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలినది. తరువాతి సంవత్సరాలలో వేలాది బ్యాంకులు మూతపడినవి. 1933 నాటికి అమెరికా కార్మికులలో దాదాపు నాలుగవ వంతు మందికి పని లేదు. అమెరికా రుణాలపై ఆధారపడిన జర్మనీలో 1932 ఆరంభానికి నిరుద్యోగుల సంఖ్య సుమారు 60 లక్షలకు చేరినది.

ఫాసిజం విస్తరణ

ఇటలీలో ముస్సోలినీ మాంద్యానికి ముందే, 1922లో, అధికారం చేపట్టాడు. జర్మనీలో మాత్రం నాజీ పార్టీ బలం మాంద్యంతోపాటు పెరిగినది. ఆ పార్టీకి 1928 ఎన్నికలలో 2.6 శాతం, 1932 జూలైలో 37.3 శాతం ఓట్లు లభించినవి. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. మార్చి 23న, కమ్యూనిస్టు సభ్యులను సభకు రానీయకుండా ఆమోదింపజేసుకొన్న చట్టం ద్వారా, పార్లమెంటుతో నిమిత్తం లేకుండా శాసనాలు చేసే అధికారాన్ని అతని ప్రభుత్వం పొందినది. ఆ సంవత్సరమే స్వతంత్ర కార్మిక సంఘాలు, ఇతర రాజకీయ పార్టీలు అంతరించినవి. అక్కడ కూడా నిరుద్యోగం తగ్గినది. కాని అందులో ఆయుధాల తయారీ, సైన్య విస్తరణల పాత్ర పెద్దది.

ముఖ్యమైన సంస్కరణలు

రూజ్‌వెల్ట్ 1933 మార్చి 4న పదవి స్వీకరించాడు. బ్యాంకులను తాత్కాలికంగా మూయించి, తనిఖీ చేసిన పిదప తెరిపించాడు. చిన్న మదుపుదారుల డిపాజిట్లకు బీమా ఏర్పడినది. టెన్నెసీ నదిపై ఆనకట్టలు, విద్యుత్ కేంద్రాల నిర్మాణానికి ప్రత్యేక సంస్థను నెలకొల్పారు. 1935లో వాగ్నర్ చట్టం కార్మిక సంఘాల హక్కులకు రక్షణ కల్పించినది. అదే సంవత్సరం వచ్చిన సామాజిక భద్రతా చట్టం వృద్ధాప్య పింఛను, నిరుద్యోగ బీమాలకు పునాది వేసినది.

రాజ్యాంగ పరిధి

1935లో సుప్రీంకోర్టు జాతీయ పారిశ్రామిక పునరుద్ధరణ చట్టంలోని ప్రధాన భాగాన్ని కొట్టివేయగా ప్రభుత్వం తలవంచినది. 1937లో న్యాయమూర్తుల సంఖ్యను పెంచవలెనని రూజ్‌వెల్ట్ ప్రయత్నించినపుడు, ఆయన సొంత పార్టీ ఆధిక్యం గల సెనేట్ అందుకు అంగీకరించలేదు. జర్మనీకి, అమెరికాకు గల ప్రధానమైన భేదం ఇదే: ఒకచోట అధికారానికి అడ్డుచెప్పే సంస్థలు నశించగా, మరొకచోట నిలిచినవి.

పరిమితులు

సామాజిక భద్రతా చట్టం మొదట వ్యవసాయ కూలీలకు, ఇళ్లలో పనిచేసేవారికి వర్తించలేదు. నల్లజాతి కార్మికులలో అధికులు ఈ వృత్తులలోనే ఉండేవారు. 1937-38లో మాంద్యం మరల తలెత్తినది. యుద్ధ ఉత్పత్తి పెరిగిన తరువాతనే నిరుద్యోగం దాదాపు తొలగినది. కనుక న్యూ డీల్ మాంద్యాన్ని పూర్తిగా జయించినదని చెప్పలేము. అయితే పని, కూడు కావాలంటే స్వేచ్ఛను వదులుకోక తప్పదన్న వాదం సరికాదని అది నిరూపించినది.