మన ఘాట్ రోడ్డు పక్కనే నీలం సాలీడు!

గిద్దలూరు నుంచి నంద్యాలకు బస్సులోనో రైల్లోనో వెళ్లేటప్పుడు దిగువమెట్ట దాటగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. సిగ్నల్ పోయిందని ఫోన్ జేబులో పెట్టేసి ఓ కునుకు తీయడం! మనం నిద్రలో దాటేసే ఆ అడవిలోనే ఒక అరుదైన జీవి ఉంది. తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించదు.

దాని పేరు పోసిలోథీరియా మెటాలికా. ఒళ్లంతా మెరిసే నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు. కాళ్లు చాపితే మన అరచేయంత ఉండే టరాంటులా జాతి సాలీడు. ఆ నీలం రంగు పూసినట్టు వచ్చింది కాదు. ఒంటి మీది వెంట్రుకల్లోని అతి సన్నని నిర్మాణం వెలుతురును విరిచి అలా చూపిస్తుంది.

1899లో పోకాక్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త దీని గురించి మొదటిసారి రాశాడు. ఆ సాలీడు దొరికింది గుత్తిలో, రైల్వే కట్టెల డిపోలో. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఎవరికీ కనిపించలేదు. చివరికి 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. అంటే అప్పట్లో నల్లమల కట్టెలతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. టికెట్ లేని ప్రయాణమన్నమాట!

పోయిన కార్తీకంలో అనుమతి తీసుకుని, అడవిలో కాపలా పని చేసే ఒక చెంచు అన్నతో కలిసి వాగు వెంట నడిచాను. మార్కాపురం వైపు పారే గుండ్లకమ్మ పుట్టింది ఈ కొండల్లోనే, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. కంభం చెరువు నిండేదీ ఈ నీళ్లతోనే. నాకు వాగులో ఇసుకే కనిపించింది. అన్నకు మాత్రం అది రాత్రి జరిగినదంతా రాసిపెట్టిన కాగితం. ఇక్కడ దుప్పులు నీళ్లు తాగాయి, అక్కడ అడవిపందులు బురద తవ్వాయి, ఆ చెదపుట్టను ఎలుగుబంటి పగలగొట్టింది... ఒక్కో గుర్తూ వేలితో చూపించాడు.

కాస్త పైకెళ్లాక ఒక ముసలి చెట్టు. తొర్ర అంచున తెల్లగా దట్టమైన గూడు. ఈ సాలీడు పగలు తొర్రలోనే దాక్కుని రాత్రి పురుగుల వేటకు వస్తుంది. పుల్ల పెట్టి కదిలించొద్దన్నాడు అన్న. కరిస్తే ప్రాణం పోదుగానీ నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుంది. మేం దూరం నుంచే చూసి వచ్చేశాం.

అసలు చిక్కు ఆ తొర్రతోనే. చెట్టు బాగా ముదిరితేగానీ తొర్ర పడదు. వంటచెరకు కోసమో కలప కోసమో ఆ చెట్టు కొట్టేస్తే, కొత్తగా మొక్క నాటినా దానికి ఇల్లు దొరకడానికి దశాబ్దాలు పడుతుంది. ఆడ సాలీడు పదేళ్లకు పైగా బతుకుతుంది. వాటిలో ఒకదాన్ని ఎత్తుకుపోయినా నష్టం చిన్నది కాదు. అందుకే 2008 నుంచి ఇది అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది.

రెండో ప్రమాదం మన చేతిలోని ఫోనే. ఈ రంగు చూసి విదేశాల్లో గాజుపెట్టెల్లో పెంచుకునేవాళ్లు చాలామంది. ఈ జాతి మొత్తాన్నీ 2019లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ కిందికి తెచ్చారు. అయినా మనం సరదాగా పెట్టే ఒక రీల్, దాంతోపాటు లొకేషన్ ఉంటే చాలు, దొంగతనంగా పట్టుకునేవాళ్లకు దారి చూపించినట్టే.

కాబట్టి ఫ్రెండ్స్, నల్లమల అంటే పులి ఒక్కటే కాదు. పెద్దదోర్నాల దగ్గర తుమ్మలబైలు సఫారీకి వెళ్లండి, అడవిని కళ్లారా చూడండి. ఎప్పుడైనా ఆ నీలం కనిపిస్తే ముట్టుకోకండి, ఫ్లాష్ కొట్టకండి. ఫొటో తీస్తే లొకేషన్ ఆఫ్ చేసి తీయండి. ఊరి పేరు, చెట్టు గుర్తు ఎవరికీ పంపకండి. ఇంటి పెరట్లో కనిపించినా చెప్పు తీయకుండా అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి. ఈసారి దిగువమెట్ట దాటాక మాత్రం కునుకు మానేసి ఒకసారి కిటికీలోంచి ఆ ముసలి చెట్లకేసి చూడండి.