కళాశాల మూతపడిన దినమున ఆడిన జట్టు

బేస్‌బాల్ మన పల్లెలలో ఆడే ఆట కాదు. మన పిల్లలకు క్రికెట్ ఎలాగో అమెరికా పిల్లలకు అది అలాగు. అయినా ఈ నెల మేము ఆ ఆటను గూర్చి వ్రాయడానికి కారణమున్నది. 2024వ సంవత్సరములో అమెరికా దక్షిణ ప్రాంతములో మెథడిస్టు సంఘమునకు చెందిన పాత కళాశాల ఒకటి డబ్బు లేక మూతపడింది. మూతపడిన దినమున దాని బేస్‌బాల్ జట్టు దూరాన వేరొక రాష్ట్రములో, మైదానములో ఆడుతూ ఉన్నది. ఆ పిల్లల సంగతి మన కుటుంబములు తెలిసికొనవలసినదని మాకు తోచింది.

ఆ కళాశాల పేరు బర్మింగ్‌హామ్-సదరన్. అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్ పట్టణములో కొండమీద ఉండేది గనుక అందరూ దానిని 'హిల్‌టాప్' అనేవారు. దాని మూలము 1856లో గ్రీన్స్‌బరో అనే చిన్న ఊరిలో మెథడిస్టులు స్థాపించిన సదరన్ యూనివర్సిటీ. 1898లో బర్మింగ్‌హామ్‌లో మరొక మెథడిస్టు కళాశాల వెలసింది. 1918లో ఆ రెండూ కలిసి ఒకటైనాయి. అప్పటినుండి నూరేళ్లకు పైగా ఎందరో వైద్యులు, ఉపాధ్యాయులు, సంఘ కాపరులు అక్కడ చదువుకొని వెళ్లారు. చివరి సంవత్సరము విద్యార్థులు 700 పైచిలుకు మాత్రమే. మన మండలములలో కొన్ని హైస్కూళ్లలోనే అంతకంటె ఎక్కువమంది ఉంటారు.

ఇంత చరిత్ర గల కళాశాల ఎందుకు మూతపడిందో ముందుగా చెప్పుకోవాలి. అది చెప్పకపోతే ఆ పిల్లల ఆట అర్థము కాదు.

అమెరికాలో ఇటువంటి కళాశాలలకు మూలనిధి అని ఒకటి ఉంటుంది. దాతలు ఇచ్చిన సొమ్మును పెట్టుబడిగా పెట్టి, దానిమీద వచ్చే రాబడితో కొంత ఖర్చు నడుపుతారు. అసలు ముట్టుకోరు, ముట్టుకోకూడదు. విత్తనపు ధాన్యము వండుకు తింటే వచ్చే ఏడు ఏమవుతుందో మన రైతులకు వేరే చెప్పనవసరము లేదు. 2000 తరువాతి పదేళ్లలో ఈ కళాశాల పెద్దలు కొత్త కట్టడములకు విరివిగా ఖర్చు పెట్టారు, అప్పులు తెచ్చారు, మూలనిధిలోనుండి తీశారు. 2008లో ఆర్థిక మాంద్యము వచ్చి మిగిలిన నిధి విలువ కూడా పడిపోయింది. 2010లో మరొక సంగతి బయటపడింది. విద్యార్థులకు ఇచ్చే ఆర్థిక సహాయము లెక్కలు కొన్ని ఏండ్లుగా తప్పుగా వేస్తూ వచ్చారట. ఉన్నదనుకున్న డబ్బు లేదు. అధ్యక్షుడు రాజీనామా చేశారు. ఉద్యోగులను తగ్గించారు, కొన్ని చదువుల శాఖలను ఎత్తివేశారు.

ఆ కష్టకాలములో, 2011లో, అధ్యక్షుడుగా వచ్చినది చార్లెస్ క్రూలక్. ఆయన అమెరికా మెరైన్ సైన్యమునకు అధిపతిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న జనరల్. జీతము పుచ్చుకోకుండా 2015 వరకు ఆ కళాశాలను నడిపారు. ఆయనవంటివారు ఉండబట్టే ఆ కళాశాల మరి కొన్నేళ్లు నిలిచిందని మా అభిప్రాయము. కాని మూలనిధిలో పడిన గుంట పూడలేదు.

చివరకు 2023లో కళాశాలవారు ప్రభుత్వము తలుపు తట్టారు. అలబామా శాసనసభ కష్టములో ఉన్న కళాశాలలకు అప్పు ఇచ్చేందుకు ప్రత్యేకముగా చట్టము చేసి, 3 కోట్ల డాలర్లు కేటాయించింది. అప్పటి లెక్కలో సుమారు 250 కోట్ల రూపాయలు. అందరూ గండము గడిచిందనుకున్నారు. అయితే ఆ అక్టోబరులో రాష్ట్ర కోశాధికారి అప్పు ఇవ్వనన్నారు. కళాశాల కోర్టుకు వెళ్లింది, అక్కడా ఓడిపోయింది. 2024లో చట్టమును సవరించబోతే సెనేటు ఒప్పుకున్నది గాని ప్రతినిధుల సభలో మద్దతు చాలలేదు. ప్రజల సొమ్మును తిరిగి వస్తుందో రాదో తెలియని చోట పెట్టనన్న కోశాధికారిని మేము తప్పుపట్టలేము. తన పని తాను చేశాడు. కాని ఆ లెక్కలు వ్రాసినవారు ఒకరు, అనుభవించినవారు వేరొకరు. మార్చి 26న ట్రస్టీలందరూ ఏకగ్రీవముగా తీర్మానించారు. మే 31తో కళాశాల మూసివేయబడుతుంది.

మార్చి అంటే కళాశాల బేస్‌బాల్ కాలము నడిమధ్య. ఫిబ్రవరిలో మొదలై వసంతమంతా సాగి, గెలుస్తూ పోయిన జట్లకు జూన్ దాకా నడుస్తుంది. ఈ ఆటను గూర్చి నాలుగు మాటలు చెబుతాము. జట్టుకు 9 మంది. గుండ్రని కర్రవంటి బ్యాటుతో బంతిని కొట్టి, నలుచదరముగా ఉన్న నాలుగు స్థానములను వరుసగా చుట్టి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే వంతు మారుతుంది. ఇలా 9 వంతులు. బంతిని కంచె దాటించి కొడితే దానిని 'హోమ్ రన్' అంటారు, మన సిక్సరు వంటిది. కాని పరుగులు ఆరు కాదు. కొట్టినవాడు, అప్పటికే మధ్య స్థానములలో నిలిచి ఉన్నవారు, అందరూ ఇల్లు చేరినట్లు లెక్క. మన క్రికెట్‌తో పోలిస్తే పరుగులు చాలా తక్కువ. ఒక్క పరుగు తేడాతో నెలల శ్రమ పోయే ఆట ఇది.

ఈ కళాశాలకు ఆ ఆటలో మంచి పేరే ఉండేది. 2001లో చిన్న కళాశాలల జాతీయ పోటీలలో విజేత. తరువాత పెద్ద యూనివర్సిటీల సరసన మొదటి శ్రేణిలో ఆడింది. ఖర్చు భరించలేక 2006లో మూడవ శ్రేణికి దిగాలని నిర్ణయించుకున్నది. మూడవ శ్రేణిలో ఆటగానికి ఆట నిమిత్తము స్కాలర్‌షిప్ ఇవ్వరు. చదువు ఫీజు తానే కట్టుకోవాలి, లేదా మార్కులను బట్టి, ఇంటి పరిస్థితిని బట్టి వచ్చే సహాయముతో సరిపెట్టుకోవాలి. టీవీలో కనిపించే పెద్ద జట్ల పిల్లలవలె కోట్లు సంపాదించే ఆశ వీరిలో దాదాపు ఎవరికీ ఉండదు. చదువు అయిపోతే ఆట కూడా అయిపోయినట్లే. ఇష్టము కొద్దీ ఆడతారు.

అటువంటి పిల్లలకు మార్చి 26న ఆ వార్త తెలిసింది. జట్టుకు కోచ్ జాన్ వైస్‌బర్గ్. 15 ఏళ్లకు పైగా ఆ జట్టుతోనే ఉన్న మనిషి. ఆయన ఉద్యోగము కూడా పిల్లల చదువుతోపాటే పోతున్నది. మీరు ఆ ఇండ్లలోని తల్లిదండ్రుల స్థానములో ఉండి ఆలోచించండి. మొదటి సంవత్సరము, రెండవ సంవత్సరము చదివేవాడు వేరొక కళాశాల వెతుక్కోవాలి, ఎన్ని తరగతులు అక్కడ లెక్కకు వస్తాయో చూసుకోవాలి, ఫీజు ఎంతో అడగాలి. ఈ తొందరలో సాయంత్రము బ్యాటు పట్టుకొని మైదానమునకు ఎందుకు పోవాలి? ఏ పేరు కోసము గెలవాలి? ఆ పేరే రెండు నెలలలో ఉండదు గదా.

వారు పోయారు. గెలిచారు. ఆ కాలమంతా కలిపి 30కి పైగా ఆటలు గెలిచారు. ప్రాంతీయ పోటీ దాటి, తరువాతి మెట్టులో ఒహాయో రాష్ట్రములోని డెనిసన్ యూనివర్సిటీని ఎదుర్కొన్నారు. డెనిసన్ 1831లో బాప్టిస్టులు స్థాపించినది, ఆ ఏడు చాలా బలమైన జట్టు. దానిని దాని ఊరిలోనే ఓడించి, చివరి 8 జట్లు ఆడే ప్రపంచ సిరీస్‌కు చేరారు. (పేరు ప్రపంచ సిరీస్ గాని ఆడేది అమెరికా కళాశాలలే. వారికి అది అలవాటు.) మూసివేత పనిలో ఉన్న కళాశాలకు ప్రయాణముల ఖర్చు మోసే శక్తి ఎక్కడిది? జట్టు కోసము చందాలు ఎత్తగా పూర్వ విద్యార్థులు ఇచ్చారు, ఆ కళాశాల గడప ఎన్నడూ తొక్కనివారు కూడా పంపారు. ఎవరికీ అక్కరలేని కళాశాలగా అప్పు దొరకక మూతపడినదానికి, దాని పిల్లల బస్సుకు మాత్రము డబ్బు దొరికింది. ఈ సంగతి మాకు సంతోషమూ కలిగించింది, కొంచెము కోపమూ తెప్పించింది.

ఆ పోటీలు ఒహాయో రాష్ట్రములో, క్లీవ్‌లాండ్ దగ్గర ఈస్ట్‌లేక్ అనే ఊరిలో జరిగాయి. నియమము సులభము. రెండుసార్లు ఓడితే ఇంటికి పోవాలి. బర్మింగ్‌హామ్-సదరన్ మొదటి ఆట 2024 మే 31, శుక్రవారము. అదే దినము. అక్కడ అలబామాలో 168 ఏండ్ల కథ ముగుస్తుండగా, ఇక్కడ పిల్లలు ఛాతీమీద ఆ పేరుతో మైదానములోకి దిగారు. ఎదుటి జట్టు రోడ్ ఐలండ్‌లో కాథలిక్కు కన్యాస్త్రీలు స్థాపించిన సాల్వే రెజీనా యూనివర్సిటీ. 7–5తో మనవాళ్లు ఓడిపోయారు. (మనవాళ్లు అని వ్రాసేశాము. ఉండనివ్వండి.)

మరునాడు ఓడితే అంతా అయిపోయినట్లే. ఎదుట వర్జీనియాలోని ర్యాండాల్ఫ్-మేకన్. అది 1830లో స్థాపించబడిన మెథడిస్టు కళాశాల. ఒకే సంఘపు బిడ్డలు ఇద్దరు, ఒకరిని ఒకరు ఇంటికి పంపవలసిన ఆట. తొమ్మిదవ వంతు వచ్చేసరికి 7–7. చివరగా బ్యాటు చేసే అవకాశము బర్మింగ్‌హామ్-సదరన్‌ది. ఇలాటి సమయములో ఒక్క పరుగు వచ్చినా ఆట అక్కడితో ముగుస్తుంది. ఒకడు స్థానములో నిలిచి ఉన్నాడు. జాక్సన్ వెబ్‌స్టర్ అనే ఆటగాడు బ్యాటు పట్టాడు. కొట్టిన బంతి కంచె దాటిపోయింది. రెండు పరుగులు, 9–7. జట్టంతా పరుగెత్తి వచ్చి అతనిమీద పడ్డారు. ఆ కళాశాల మూతపడి అప్పటికి ఒక దినము. లేని కళాశాల గెలిచిన ఆట అది!

ఆ తరువాతి దినము జూన్ 2, ఆదివారము. ఆదివారము ఆటలేమిటని మన పెద్దలు కొందరు అడుగుతారు, అడగవలసినదే. అమెరికాలో ఆ వాదన నూరేళ్ల క్రిందట చాలా గట్టిగా నడిచి, ఇప్పుడు దాదాపు వినబడకుండా పోయింది. ఏమైనా ఆ దినము వారు విస్కాన్సిన్ యూనివర్సిటీవారి వైట్‌వాటర్ జట్టుతో ఆడారు. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయము, వేల మంది విద్యార్థులు. చివరిదాకా పట్టు వదలలేదు. 11–10. ఒక్క పరుగు తేడాతో ఓడిపోయారు. బర్మింగ్‌హామ్-సదరన్ పేరుతో ఏ జట్టైనా ఆడిన ఆఖరి ఆట అది. ఆ పిల్లలతో ఏ సంబంధమూ లేనివారు కూడా అక్కడ వారి పక్షము చేరి కేకలు వేశారు.

ఆ సంవత్సరము విజేతగా నిలిచినది పెన్సిల్వేనియాలోని మిసెరికోర్డియా యూనివర్సిటీ, వైట్‌వాటర్‌ను ఓడించి. 1924లో కన్యాస్త్రీలు స్థాపించిన కళాశాల, సరిగ్గా నూరవ ఏట. గెలిచినవారి పేరుకంటె రెండు ఆటలు ఓడిన జట్టు పేరే ఆ ఏడు పత్రికలలో ఎక్కువసార్లు కనబడింది. మిసెరికోర్డియావారికి అది కొంచెము అన్యాయమే.

చదువు మిగిలిన విద్యార్థుల కోసము చుట్టుప్రక్కల కళాశాలలు ముందే ఒప్పందములు చేసికొన్నాయి. ఆ పట్టణ ప్రాంతములోనే ఉన్న బాప్టిస్టులు స్థాపించిన శామ్‌ఫర్డ్ యూనివర్సిటీ, దగ్గరలోని మాంటెవాలో యూనివర్సిటీ వంటివి వారిని చేర్చుకొంటామన్నాయి. ఆటగాళ్లలో ఇంకా ఆడే ఏండ్లు మిగిలినవారు వేరే జట్ల దుస్తులు తొడుగుకొన్నారు. చివరి సంవత్సరము వారు పట్టా పుచ్చుకొని ఉద్యోగములు వెతుక్కొన్నారు. ఇకపై ఎక్కడ పని అడిగినా, చదివిన కళాశాల ఏదని అడిగినప్పుడు, వారు ఆ పేరు చెప్పి, తరువాత అది ఏమైనదో కూడా చెప్పవలసి ఉంటుంది.