పెట్టెల గోడ, అడవిపంది

పిల్లలూ! మీరెప్పుడైనా అంతర్వేది తీర్థానికి వెళ్లారా? గోదావరి పాయ అయిన వశిష్ఠ అక్కడే సముద్రంలో కలుస్తుంది. పెద్దవాళ్లు సంగమ స్నానాలు చేస్తూంటే, పిల్లలు ఒడ్డున కూచుని పాదంమీద తడి ఇసుక మెత్తి పిచ్చుకగూళ్లు కడుతూంటారు. పొడి ఇసుకతో గూడు నిలవదు. తడి ఇసుకలో రేణువుకూ రేణువుకూ మధ్య పల్చని నీటిపొర ఉండి, వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. ఐతే నీళ్లు మరీ ఎక్కువైనా గూడు జారిపోతుంది. పైగా అల ఒకటి వస్తూంటుంది. మీ గూడు సగంలో ఉన్నదని అది ఆగదు!

సరిగ్గా ఇలాంటి చిక్కుమీదనే నడిచే వీడియో ఆట ఒకటి ఉన్నది. దాని పేరు వైల్డ్ హార్ట్స్. జపానులోని కోయి టెక్మో సంస్థకు చెందిన ఒమేగా ఫోర్స్ బృందం దాన్ని తయారుచేసింది. 2023 ఫిబ్రవరి 17న విడుదల అయింది. ఆ ఆట సంగతి చెప్పేముందు అంతర్వేది స్థలపురాణం ఒకసారి గుర్తుచేసుకుందాం.

హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు. తన రక్తం నేలమీద పడితే, ఎన్ని ఇసుక రేణువులు తడుస్తాయో అంతమంది తనలాంటి రాక్షసులు పుట్టాలని శివుడివద్ద వరం పొందాడు. వాడు వశిష్ఠ మహర్షి నూరుగురు కొడుకులనూ చంపేశాడు. మహర్షి మొరపెట్టుకోగా నరసింహస్వామి వచ్చి చక్రం వేశాడు. తీరా చూస్తే రక్తం ఇసుకలో పడి, ఒక్క రాక్షసుడు వేలమంది అయినారు! ఇక బలం ఒక్కటే చాలదు గనక, స్వామి మాయాశక్తిని సృష్టించాడు. రక్తం నేల తాకకుండా ఆమె అడ్డుకున్నది. అప్పుడు గాని రాక్షసుడు చావలేదు. గుర్రాలక్క అని అంతర్వేదిలో కొలిచే అశ్వరూఢాంబిక ఆమేనట.

రాక్షసుడికీ నేలకూ మధ్య ఒక అడ్డు, అదీ సమయానికి. వైల్డ్ హార్ట్స్ ఆట అంతా ఇదే.

పాతకాలపు జపానును పోలిన అజుమా అనే కల్పిత దేశంలో కెమోనో అనే మహామృగాలుంటాయి. వేటగాడి చేతిలో కత్తో, విల్లో, చివరికి అంచుకు కత్తులు తొడిగిన గొడుగో ఉంటుంది. అదిగాక అతడు కరకురి అనే యంత్రాలను అప్పటికప్పుడు కడతాడు. పెట్టె కడితే దానిమీదికెక్కి దూకవచ్చు. స్ప్రింగు కడితే అది అతన్ని దూరంగా విసురుతుంది. ఆటలో ఏనుగుకన్న పెద్ద అడవిపంది ఒకటి దూసుకువస్తుంది. మూడు పెట్టెలు ఒకదానిమీద ఒకటి, పక్కనే మరో మూడు పేర్చగలిగితే అవి ఆరూ కలిసి పెద్ద గోడ అయిపోతాయి. పంది గోడకు కొట్టుకుని వెల్లకిలా పడుతుంది. (మన కథలో వరాహమే హిరణ్యాక్షుణ్ణి చంపిన దేవుడు, ఇక్కడ వరాహమే శత్రువు!) ఐదు పెట్టెలు పేర్చేసరికి పంది వచ్చిందా, వెల్లకిలా పడేది మీరే. కట్టడానికి కావలసిన దారం చెట్లనుంచీ రాళ్లనుంచీ ముందే పోగుచేసుకోవాలి. దాన్ని గంతులకే ఖర్చుపెట్టినవాడికి గోడకు మిగలదు. ముగ్గురిదాకా కలిసి ఆడవచ్చు.

చదరంగంలో ఎదుటివాడు మీ ఎత్తుకోసం కాచుకుంటాడు. ఇక్కడ పంది కాచుకోదు. సినిమాలో బొమ్మలు సెకనుకు 24 చొప్పున తిరుగుతాయిగాని, అవన్నీ ముందే తీసి ఉంచినవి. ఆటలో రాబోయే బొమ్మ ఎవరికీ తెలియదు. పెట్టె ఎక్కడున్నది, పంది ఎక్కడున్నది, రెండూ తాకాయా అని కంప్యూటరు ఒక్క సెకనులో ముప్పై, అరవై మార్లు లెక్కకట్టి, ప్రతిసారీ కొత్త బొమ్మ గీస్తుంది.

కరకురి అన్నమాట మాత్రం కల్పితం కాదు. జపానులో పూర్వం మరబొమ్మలను అలాగే పిలిచేవారు. ఒక బొమ్మ చేతిలోని పళ్లెంలో టీ కప్పు పెడితే, ఆ బరువుకు కదిలి అతిథి దగ్గరికి నడిచేది. కప్పు తీస్తే ఆగేది, ఖాళీకప్పు పెడితే వెనక్కు తిరిగి పోయేది. లోపలి స్ప్రింగు ఉక్కుది కాదు, తిమింగిలం నోట్లోని పలకలతో చేసినది! ఇలాంటివి ఎలా చేయాలో హొసొకావా హంజో రాసిన పుస్తకం 1796లోనే అచ్చయింది. ఈ ఆటకన్న ఆ బొమ్మే నాకు ఎక్కువ నచ్చింది.

పోరాటంలో కట్టిన పెట్టెలు ఇట్టే విరిగిపోతాయి. ఐతే గుడారం, మృగాల జాడ చెప్పే బురుజు లాంటివి వేటకు ముందే కట్టుకుంటే, చాలాకాలం నిలిచి ఉంటాయి. ఈ తేడా కోనసీమవారికి వేరే చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు, లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు కూలాయి. గాలి మొదలైనాక ఎవరూ గోడ కట్టలేరు. అందుకే 1977 దివిసీమ ఉప్పెన తరువాత మన కోస్తా పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు. తుఫాను లేని రోజుల్లో వాటిలో కొన్ని బడులుగా ఉపయోగపడ్డాయి. ఇది చదివే మీలో ఎవరికైనా అ, ఆలు దిద్దిన గది అదే కావచ్చు.