మీకు తెలుసా? కాలు దువ్వినా కయ్యం కాని రోజులు

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. చుట్టుపక్కల వాళ్లు ఉత్తినే మాధవరం అనరు, మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి మగవాళ్లు వెళ్లారు. తరాలుగా సైన్యమే అక్కడి కొలువు. సరిహద్దులో కాల్పులంటూ టీవీలో స్క్రోలింగ్ రాగానే మన వీధుల్లో వాదనలు మొదలవుతాయి. అలాంటి ఊళ్లలో మాత్రం ముందు ఫోన్ అందుకుంటారు, పిల్లాడు ఎక్కడున్నాడో కనుక్కోవడానికి. పొరుగు దేశం కవ్వించినప్పుడు యుద్ధం దాకా పోకుండా గట్టిగా బదులు చెప్పడం కుదురుతుందా? కుదిరింది, ఒకసారి కాదు. మన ముంగిట్లోనే ఒక పరాయి జెండాను యుద్ధం లేకుండా దించిన కథ కూడా ఉంది.

ధవళేశ్వరం లెక్క

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అయితే రెండోది. 17.75 అయితే మూడోది. గోదావరి జిల్లాల్లో ఈ అంకెలు తెలియని ఇల్లుండదు. లంకల్లో పశువుల్ని ఎప్పుడు గట్టుకు తోలాలో, బియ్యం మూటలు ఎప్పుడు అటకెక్కించాలో వరద రాకముందే అందరికీ తెలుసు.

దేశాల మధ్య ఉద్రిక్తతకూ ఇలాంటి కొలబద్ద ఒకటుంది. అమెరికా వ్యూహకర్త హెర్మన్ కాన్ 1965లో దాన్ని నిచ్చెనగా గీశాడు. మొత్తం 44 మెట్లు. అడుగు మెట్టు మీద మాటల తగాదా, కొస మెట్టు మీద అన్నీ తుడిచిపెట్టే అణుయుద్ధం. ఎక్కడం ఎంత తేలికో చూపించాడని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో దాని విలువ వేరు. ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా ఆగవచ్చు, కిందికి దిగనూవచ్చు.

యానాం: ఎనిమిదేళ్ల ఓర్పు

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఏడేళ్లు గౌతమి ఒడ్డున ఫ్రెంచి జెండా ఎగిరింది. యానాం చుట్టూ అప్పట్లో తూర్పు గోదావరే. అటూ ఇటూ అదే భాష, అవే చుట్టరికాలు. మధ్యలో మాత్రం దేశాల సరిహద్దు. అంత చిన్న ఊరిని ఆక్రమించడానికి సైన్యానికి ఒక పూట చాలు. కానీ ఢిల్లీ సైన్యాన్ని పంపలేదు. పాండిచ్చేరి, యానాం లాంటి ఫ్రెంచి స్థావరాల చుట్టూ కస్టమ్స్ కాపలా పెట్టింది. రాకపోకలకు పర్మిట్లు అడిగింది. సరుకుల రవాణాను బిగించింది. ఊపిరి ఆడనివ్వలేదు, అలాగని తుపాకీ ఎత్తలేదు.

1954లో ఫ్రాన్సుకు కాలం బాగాలేదు. వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ కోట మే 7న పడిపోయింది. జూన్ 12న పారిస్‌లో ప్రభుత్వం కూలింది. ఆ మర్నాడే, జూన్ 13న, యానాం ఫరంపేటలో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య ముందు నడిచి, వలంటీర్లతో కలిసి యానాం పాలనను చేతుల్లోకి తీసుకున్నారు. ఒకప్పుడు ఫ్రెంచి పోలీసుశాఖలోనే పనిచేసిన మనిషాయన. ఘర్షణ లేకపోలేదు. కానీ రెండు దేశాల సైన్యాలు ఎదురెదురు పడలేదు.

ఆ తర్వాతి భాగమే నాకు ఎక్కువ ఇష్టం. 1954 అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు ఓటేశారు. 178 మందిలో 170 మంది విలీనానికి సరేనన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రెంచి పార్లమెంటు మాత్రం దాన్ని వెంటనే ఆమోదించలేదు. అల్జీరియా యుద్ధం ముగిసేదాకా ఆ కాగితం అలాగే ఉంది. చివరికి 1962 ఆగస్టు 16న చట్టబద్ధంగా అప్పగింత పూర్తయింది. ఆ ఎనిమిదేళ్లూ భారత్ ఓపిక పట్టింది. తొందరపడి ఫ్రాన్సును పగవాడిగా చేసుకోలేదు. అదే దేశం నుంచి మనం తర్వాత మిరాజ్‌లు కొన్నాం, రఫేల్‌లు కొన్నాం.

మరి గోవా సంగతేమిటని అడుగుతారు. పోర్చుగల్ పాలకుడు సలజార్ మాటలకే రానన్నాడు. 1961 డిసెంబరులో మన సైన్యం వెళ్లి రెండు రోజుల్లోపే పని ముగించింది. సైన్యాన్ని పంపగల దేశమే యానాం దగ్గర పంపకుండా ఆగిందన్న సంగతి గోవా చూశాకే పూర్తిగా అర్థమవుతుంది.

రెండు కిలోమీటర్ల గీత

చైనా సరిహద్దులో వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకీ పేల్చకూడదు. పేలుళ్లు జరపకూడదు. తుపాకీతో వేటాడటం కూడా నిషేధం. 1996 నవంబరు 29న కుదిరిన ఒప్పందంలోని ఆరో నిబంధన ఇది. దీనికి పునాది వేసింది మన తెలుగు ప్రధాని పీవీ నరసింహారావు హయాంలో, 1993 సెప్టెంబరు 7న బీజింగ్‌లో జరిగిన ఒప్పందం. సరిహద్దు ఎక్కడన్నది తేలేదాకా ఉన్నచోట ప్రశాంతంగా ఉందామని రెండు దేశాలూ రాసుకున్నాయి.

పొలం గట్టు తగాదా చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. సర్వే రాయి లేదు. నా గట్టు ఇక్కడి దాకా అని వీరు, కాదు అక్కడి దాకా అని వారు. ఇద్దరూ రోజూ తమ లెక్క ప్రకారం గట్టు మీద తిరుగుతారు. లద్దాఖ్‌లో గస్తీ దళాలు ఎదురుపడితే ఇది మా భూభాగం, వెనక్కి వెళ్లండి అని రాసి ఉన్న గుడ్డ బ్యానర్ విప్పి చూపించే పద్ధతి ఉండేది. 1975లో అరుణాచల్‌లోని తులుంగ్ లా దగ్గర నలుగురు అస్సాం రైఫిల్స్ జవాన్లు చైనా కాల్పుల్లో చనిపోయాక, ఆ సరిహద్దులో నాలుగున్నర దశాబ్దాలు తూటాకు ఒక్క ప్రాణం పోలేదు.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఆ గీతకు కఠిన పరీక్ష ఎదురైంది. సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్. చైనా వాళ్లు తీసేస్తామని ఒప్పుకున్న శిబిరం ఇంకా అక్కడే ఉంటే, ఆయన తన మనుషులతో వెళ్లారు. రాళ్లు, ఇనుప రాడ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలతో చీకట్లో, గడ్డకట్టే చలిలో గంటల తరబడి కొట్లాట. మన వైపు ఆయనతో కలిపి 20 మంది ప్రాణాలు పోయాయి. మన జవాన్ల దగ్గర ఆయుధాలు లేకపోలేదని, ఒప్పందాల ప్రకారం వాడలేదని విదేశాంగ మంత్రి జైశంకర్ తర్వాత చెప్పారు. తోటివాడు కళ్లెదుటే పడిపోతున్నా ట్రిగ్గర్ నొక్కకుండా ఉండటం ఎంత కష్టమో ఊహించండి. సంతోష్‌బాబుకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. సూర్యాపేట కూడలిలో ఆయన విగ్రహం ఉంది.

బదులు చెప్పలేదా? చెప్పాం. జూన్ 29న 59 చైనా యాప్‌లను నిషేధించారు. కోనసీమ కాలువ గట్ల మీద, రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద టిక్‌టాక్ వీడియోలు తీసుకునే పిల్లలకు అంతర్జాతీయ రాజకీయం అలా చేతిలోకొచ్చింది. ఆగస్టు 29, 30 తేదీల మధ్య రాత్రి మన సైన్యం పాంగాంగ్ సరస్సుకు దక్షిణాన ఉన్న కైలాస్ శ్రేణి శిఖరాలను ఎక్కేసింది. కింద చైనా స్థావరం కనిపించేంత ఎత్తు అది. ఆ ఎత్తు చేతిలో పెట్టుకునే కమాండర్లు బేరమాడారు. 2021 ఫిబ్రవరిలో పాంగాంగ్ దగ్గర రెండు సైన్యాలూ వెనక్కి జరిగాయి. మిగిలిన చోట్ల గస్తీ మీద అవగాహన కుదిరింది 2024 అక్టోబరులో. నాలుగేళ్లు పట్టింది, యుద్ధం మాత్రం రాలేదు.

తండేల్ వెనుక కథ

నాగచైతన్య నటించిన తండేల్ సినిమా మీరు చూసే ఉంటారు. గుజరాత్ తీరంలో చేపల వేటకు వెళ్లిన శ్రీకాకుళం ప్రాంతపు మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వాళ్లు కరాచీ జైలులో ఉండగానే 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి, బాలాకోట్ మీద మన వైమానిక దాడి జరిగాయి. రెండు దేశాలూ యుద్ధం అంచున నిలబడ్డ రోజులవి. అయినా వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా గేటు దాటి వచ్చారు.

భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. జనవరి 1నే అణు కేంద్రాల జాబితాలూ చేతులు మారతాయి, ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదన్న ఒప్పందం ప్రకారం. 1992 నుంచి కార్గిల్ ఏడాదిలో కూడా ఈ రెండో ఆనవాయితీ తప్పలేదు.

పొరపాటున వెళ్లిన క్షిపణి

2022 మార్చి 9 సాయంత్రం మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి, పాకిస్తాన్‌లోని మియాఁ చన్ను దగ్గర పడింది. వార్‌హెడ్ లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. రెండు అణ్వాయుధ దేశాల మధ్య అలాంటిది జరగడమే ఒళ్లు జలదరించే సంగతి. పాకిస్తాన్ ఎదురు దాడికి దిగలేదు, వివరణ అడిగింది. రెండు రోజుల తర్వాత భారత్ బహిరంగంగా తప్పు ఒప్పుకుని విచారం వ్యక్తం చేసింది. ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను కొలువు నుంచి తీసేసింది. బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు ముందు చెప్పుకోవాలని 2005లోనే ఒప్పందం ఉంది. బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి. ఆ కాగితం కిందికి రాదు. రావాలన్నది నా గట్టి అభిప్రాయం.

మధ్యాహ్నం 3.35

భారత్, పాక్ సైన్యాల డీజీఎంఓలు, అంటే సైనిక కార్యకలాపాల అధిపతులు, మాట్లాడుకునే హాట్‌లైన్ 1971 యుద్ధం తర్వాత వచ్చింది. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్‌లో తొమ్మిది ఉగ్రవాద స్థావరాలను కొట్టినప్పుడు, పాక్ సైనిక స్థావరాల జోలికి వెళ్లలేదని భారత్ తొలి ప్రకటనలోనే చెప్పింది. అవతలి వాడు ఆగడానికి చోటు వదిలిన మాట అది. అయినా గొడవ నాలుగు రోజుల్లో చాలా మెట్లెక్కింది. మే 10 మధ్యాహ్నం 3.35కు పాక్ డీజీఎంఓ ఫోన్ చేశాడు. సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆపాలనుకున్నారు. దానికి ఒక్క రోజు ముందు, మే 9న, నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు, జవాను మురళీనాయక్ ప్రాణాలు కోల్పోయాడు.

కాకినాడకూ వచ్చింది

యుద్ధం ఎక్కడో హిమాలయాల్లో జరిగేదనుకుంటాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. టోక్యోకూ లండన్‌కూ పడని గొడవలో బాంబు వచ్చి పడింది మన తీరాన.

ఈసారి తాడేపల్లిగూడెం వైపు వెళ్తే మాధవరంలో ఒకసారి ఆగండి. అక్కడ అమరవీరుల స్మారక స్థూపం ఉంది. పక్కన రిటైరైన పెద్దాయన ఎవరైనా కనిపిస్తే, సరిహద్దులో కాల్చకుండా గడిపిన రాత్రుల గురించి అడగండి.