ఆగిన యమహాకు ఆగని గిరాకీ

ఇబ్రహీంపట్నం: హైదరాబాద్, భద్రాచలం రోడ్లు చీలే ఈ కూడలిలో యమహా ఆర్ఎక్స్ 100 రయ్యిమని పోతే నేటికీ నలుగురూ తల తిప్పి చూడాల్సిందే. 1985లో ఎస్కార్ట్స్ కంపెనీ తెచ్చిన ఈ జపాను రకం బండి తయారీ 1996లో ఆగింది. టూ స్ట్రోక్ ఇంజను పెట్రోలుతోపాటు ఆయిలునూ మండిస్తుంది. పొగ నిబంధనలకు అది నిలవలేదు. 98 సీసీలకే 11 గుర్రాల శక్తి, తేలికైన బండి. మోజంతా అక్కడే. దీని అన్న 1983 నాటి రాజ్‌దూత్ 350. జంట సిలిండర్లు, ఆరు గేర్లు. పెట్రోలు తాగుతుందని ఆనాడు జనం జంకారు. అదే బండికి నేడు వెతుకులాట! అసలు విడిభాగాలు మాత్రం కరువు. నాన్న నడిపిన బండిని పాత ఇనుము కింద తూకానికి వేసినవారు ఇప్పుడు నాలుక కరుచుకోవలసిందే. కొనేవారు ఇంజను, ఛాసిస్ నంబర్లను సీ బుక్కుతో పోల్చి చూసుకోవాలి. 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి.