ప్రయాణానికి ముందు అరవై రోజులు

ఉద్యోగ విరమణ చేసే వ్యక్తికి పూలదండ వేసి, శాలువా కప్పి, తరచుగా ఒక గోడ గడియారాన్ని బహూకరించి పంపడం మన కార్యాలయాలలో ఆనవాయితీ. ముప్పై అయిదేళ్ళు గడియారానికి దాస్యం చేసి, ఇక దాని ముఖం చూడనవసరం లేని మనిషికి ఆ వస్తువునే కానుకగా ఇవ్వడంలోని ఔచిత్యాన్ని గురించి ఎవరూ ఆలోచించినట్లు లేదు. అయితే ఆ గడియారం వృథా పోదు. మరునాటి ఉదయం నుంచి ఆయన దానిని మునుపటి కంటె ఎక్కువగానే చూస్తారు. పాలు ఎప్పుడు వస్తాయి, పత్రిక ఎప్పుడు పడుతుంది, రెండవ కాఫీ ఎప్పుడు లభిస్తుంది అన్న మూడు ప్రశ్నల చుట్టూ దినచర్య కొత్తగా అల్లుకుంటుంది.

ఈ దినచర్యను చూసి యువతరం జాలి పడడం కద్దు. ఆ జాలి అనవసరం. కార్యాలయానికి పరుగెత్తే రోజులలో శీర్షికలతో సరిపెట్టుకున్న మనిషి ఇప్పుడు పత్రికలో టెండరు ప్రకటనలు సైతం విడిచిపెట్టరు. రైతుబజారుకు స్వయంగా వెళ్ళి, బెండకాయ కొన విరిచి లేతదో ముదురో తేల్చుకుని, పావుకిలో కొత్తిమీరకు పదినిమిషాలు బేరమాడి, అర్ధ రూపాయి గెలిచినా గెలవకపోయినా విజేత వలె తిరిగి వస్తారు. సాయంకాలం పార్కులో అదే బల్ల, అవే నాలుగు ముఖాలు, నిన్నటి రాజకీయ చర్చకు నేటి కొనసాగింపు. పైసా ఖర్చు లేని సుఖాలు ఇవి. వీటికి ముప్పై అయిదేళ్ళు తీరిక చిక్కలేదన్నదే విచారించవలసిన విషయం.

ఇక ఆమె సంగతి వేరు. పదవీ విరమణ వయస్సును కేంద్ర ప్రభుత్వం 1998లో 58 నుంచి 60కి పెంచింది. తెలంగాణలో 2021లో అది 61 అయినది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62 అయినది. గృహిణికి మాత్రం ఏ ప్రభుత్వమూ వయఃపరిమితి నిర్ణయించలేదు. పైగా భర్త ఇంటి పట్టున ఉండడంతో క్యారియర్‌లో సర్దిన చల్లని అన్నం స్థానంలో మధ్యాహ్నం వేడి వేడి భోజనం, నాలుగు గంటలకు ఫలహారం వచ్చి చేరతాయి. ఆయన విశ్రాంతి ఆమెకు అదనపు పూట పని. ఈ సత్యాన్ని గ్రహించి, పెసరట్టుకు పప్పు రుబ్బడమో, కనీసం కాఫీ కలపడమో నేర్చుకున్న భర్తలు లేకపోలేదు. వారి ఇళ్ళలో సంభాషణలు ఎక్కువ, నిట్టూర్పులు తక్కువ.

ఇటువంటి ప్రతి ఇంటిలోనూ వాయిదా పడిన ప్రయాణం ఒకటి ఉంటుంది. తెలుగు ఇళ్ళలో చాలామటుకు దాని పేరు కాశీ.

"ఏమండీ, కాశీ ఎప్పుడు వెళ్దాం?"

"వచ్చే కార్తికానికి చూద్దాంలే."

ఈ సమాధానానికి ఇరవై ఏళ్ళ వయస్సు ఉంటుంది. అమ్మాయి పెళ్ళి కానిమ్మన్నారు, అయినది. ఇంటి అప్పు తీరనిమ్మన్నారు, తీరినది. ఉద్యోగంలో ఉండగా ప్రయాణ రాయితీ ఉండేది గాని సెలవు దొరికేది కాదు. తీరిక దొరికే నాటికి ఆ రాయితీ ఉద్యోగంతో పాటే పోయినది. ఈలోగా ప్రయాణాలు చేయలేదా అంటే చేశారు. బెంగుళూరులో కొడుకు ఇంటికి, కొందరయితే అమెరికాలో కూతురి పురిటికి. కాని అక్కడ జరిగేది వంటగది మారడమే. ఉతికిన బట్టలు మడతపెట్టడానికి సముద్రాలు దాటడాన్ని యాత్ర అనడం కష్టం.

వాయిదా పడిన ప్రయాణం హఠాత్తుగా ఒకనాడు నిశ్చయమవుతుంది. కారణం ఏమిటని అడిగితే పుష్కరాలనో, ఎవరో తోడు దొరికారనో చెబుతారు. నిజమైన కారణం అనేక సందర్భాలలో ఎదురింటిలో ఉంటుంది. తమ ఈడు జంటలో ఒకరు మిగిలిన నెలలోనే ఈ ఇంటిలో కాలపట్టిక బయటికి వస్తుంది. ఆ సంగతిని ఇద్దరూ పైకి అనుకోరు. "మోకాళ్ళు బాగున్నప్పుడే వెళ్ళివద్దాం" అని ఆమె అంటారు. "అవును, మెట్లు చాలా ఉంటాయిట" అని ఆయన అంటారు. అంతటితో నిర్ణయం జరిగిపోతుంది.

తరువాతి ప్రశ్న ఎప్పుడన్నది. వర్షాకాలం చివర గంగ పొంగి ఘాట్ల మెట్లు మునిగిపోతాయి. డిసెంబరు, జనవరి నెలలలో ఉత్తరాది పొగమంచు రైళ్ళను గంటల తరబడి ఆపివేస్తుంది. వేసవి గాడ్పుల మాట చెప్పనక్కరలేదు. మహాలయ పక్షంలో గయలో కాలు పెట్టడానికి చోటుండదు. మిగిలినవి కార్తికం, ఫాల్గుణం. నవంబరులోనయితే మరొక చిక్కున్నది. తాము జీవించి ఉన్నామని పింఛనుదారులు ఏటా రుజువు చూపవలసిన నెల అది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చిన తరువాత ఆ పని వేలిముద్రతో ఎక్కడి నుంచైనా జరుగుతున్నది గాని, వేలి గీతలు అరిగిపోయిన పెద్దలకు యంత్రంతో తంటాలు తప్పవు. అందుచేత జాగ్రత్తపరులు ఆ రుజువు సమర్పించిన పిమ్మటే పెట్టె సర్దుకుంటారు.

రైల్వే రిజర్వేషను గడువు పూర్వం 120 రోజులుండేది. 2024 నవంబరు 1 నుంచి దానిని 60 రోజులకు తగ్గించారు. అనగా రెండు నెలల ముందు ఉదయం ఎనిమిది గంటలకు అసలైన యాత్ర ప్రారంభమవుతుందన్నమాట. 2002 నుంచి ఇంటర్నెట్‌లో టిక్కెట్టు కొనే సదుపాయం ఉన్నప్పటికీ, కొడుకు ఎంత చెప్పినా వినక స్వయంగా స్టేషనుకు వెళ్ళి వరుసలో నిలబడి, ఫారం నింపి, అచ్చయిన కాగితాన్ని చేతితో పట్టుకుంటేనే తృప్తిపడే పెద్దలు ఈనాటికీ ఉన్నారు. ఆ కాగితాన్ని ఎన్నిమార్లు తీసి చూస్తారో లెక్కలేదు.

క్రింది బెర్తు దొరకడం అర్ధ విజయం. 60 ఏళ్ళు దాటిన పురుషులకు, 45 ఏళ్ళు దాటిన స్త్రీలకు ప్రతి స్లీపరు పెట్టెలో ఆరేడు క్రింది బెర్తులు కేటాయించి ఉంచుతారు. ఒక టిక్కెట్టుపై ఇద్దరికి మించి ప్రయాణించేవారికి ఆ కోటా వర్తించదు. మనవడిని అదే టిక్కెట్టులో చేర్చితే తాతగారు మధ్య బెర్తు ఎక్కవలసి రావచ్చునన్నమాట. ఛార్జీ విషయంలో మాత్రం నిరాశే. పురుషులకు 40 శాతం, 58 ఏళ్ళు దాటిన స్త్రీలకు 50 శాతం ఉండిన రాయితీ 2020 మార్చిలో నిలిచిపోయినది. వెయ్యి రూపాయల మూల ఛార్జీకి ఆయన ఆరువందలు, ఆమె అయిదువందలు, వెరసి పదకొండు వందలు చెల్లించే జంట, రాయితీ లేకపోతే రెండువేలు చెల్లించాలి. ఆ తొమ్మిదివందల తేడా జీతగాడికి అల్పం. పింఛనుదారుకు అది ఒక నెల రక్తపోటు మాత్రలు. ఈ లెక్క వేసి టిక్కెట్టు కొనకుండా వెనుదిరిగిన జంటల కోరిక ఏ పద్దులోనూ చేరదు.

ఈ ఎదురుచూపు తెలుగువారికే పరిమితం కాదు. వంగదేశంలో మధ్యతరగతి కుటుంబాలు 'హవా బదల్' పేరిట మధుపూర్, శిముల్‌తలా, దేవఘర్‌లకు పోయి గాలి మార్పు పొందడం ఒక తరానికి వార్షిక వ్రతం వంటిది. పూరీ సముద్రం పేరు ఎత్తితే నేటికీ వారి ముఖాలు వికసిస్తాయి. గుజరాతీ గృహిణి థేప్లాలు ఒత్తసాగిందంటే ఆ ఇంటిలో ప్రయాణం ఉన్నదని పొరుగువారు గ్రహిస్తారు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2012లో అరవై దాటినవారిని ఉచితంగా తీర్థయాత్రలకు పంపే పథకాన్ని ప్రారంభించింది. వృద్ధుల కోరికల జాబితాలో వైద్యం తరువాత ప్రయాణం ఉంటుందని పాలకులు సైతం గుర్తించారనుకోవచ్చు.

హాలెండు పరిశోధకులు 2010లో ప్రకటించిన అధ్యయనం ఒకటి ఈ సందర్భంలో ఆసక్తికరం. 1,530 మంది డచ్చివారిని పరిశీలించగా, వారిలో 974 మంది విహారయాత్ర చేశారు. యాత్రకు వెళ్ళబోయేవారు వెళ్ళనివారికంటె ముందుగానే ఎక్కువ సంతోషంగా కనిపించారు. తిరిగివచ్చిన తరువాత మాత్రం, మిక్కిలి ప్రశాంతంగా గడిపి వచ్చిన కొందరిని మినహాయిస్తే, రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కానరాలేదు. సంతోషానికి కారణం రానున్న యాత్రేనని పరిశోధకులు ఊహించారు. జంతికల పిండి కలుపుతూ పాట కూనిరాగం తీసే ఇల్లాలికి ఈ సంగతి పరిశోధకులు చెప్పనక్కరలేదు.

ఆ అరవై రోజులలో నిత్య జీవితంలోని చిన్న సుఖాలకు కొత్త రుచి వస్తుంది. పార్కు బల్ల మీద ఆయన మాటకు విలువ పెరుగుతుంది. ఒకసారి వెళ్ళివచ్చినవారు సలహాదారులవుతారు. మానసరోవర్ ఘాట్ సమీపంలో ఆంధ్రాశ్రమం ఉన్నదని, 2021 డిసెంబరులో విశ్వనాథ ఆలయ ప్రాంగణం విస్తరించిన తరువాత గంగ నుంచి గుడికి ఇరుకు సందుల బాధ తప్పినదని వారు వివరిస్తారు. ఉన్ని టోపీ కొనడమా, మానడమా అన్నది వారం రోజుల చర్చ. ఒకనాటి హోల్డాలు, మరచెంబు అటక మీదనే ఉండిపోయి చక్రాల పెట్టె దిగుతుంది. మొదటి పూటకు పెరుగన్నం, మరునాటికి చింతపండు పుణ్యమా అని చెడని పులిహోర, ఆపైన చేగోడీలు, మినపసున్ని, కారప్పొడి. ఆవకాయ సీసా మూతికి గుడ్డ కట్టి రెండు సంచులలో పెట్టడం ఆమెకు తప్ప మరెవరికీ సరిగా చేతకాదు. బల్హార్షా దాటిన తరువాత కాఫీ రాజ్యం పోయి చాయ్ రాజ్యం వస్తుంది గనుక ఆయన వంతుగా ఫ్లాస్కు, కాఫీ పొడి. ఆశ్రమంలో దిగిన తరువాత నాలుగు పూటలు మరొకరు వండిన భోజనాన్ని కూర్చుని తినడం ఆమెకు యాత్రాఫలాలలో ఒకటి. దేవునితో చెప్పకపోయినా చెల్లెలితో ఫోనులో ఆ మాట చెబుతారు.

కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటేనని మన పెద్దలు ఊరకే అనలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య, 1830 మే 18న కుటుంబ పరివారాలతో కాశీకి బయలుదేరి, తిరిగి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరుకున్నారు. పదిహేను మాసాల పైమాట. దారిలో ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు వ్రాసిన లేఖలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినవి. నేడు సికింద్రాబాదులో రైలెక్కినవారు ఒకటిన్నర రోజు అటూ ఇటూగా గంగ ఒడ్డున ఉంటారు. ప్రయాణం కుదించుకుపోయినది గాని, దానికోసం ఎదురుచూసే కాలం కుదించుకుపోలేదు. నాటివారు దారిలో గడిపిన పదిహేను మాసాలను నేటివారు ఇంటిలో గడుపుతున్నారంటే అతిశయోక్తి కాదు.

సన్నాహాలన్నిటిలోనూ జటిలమైనది గయకు సంబంధించినది. పిండప్రదానం తరువాత అక్షయవటం వద్ద ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి, ఆకు ఒకటి జీవితాంతం విడిచిపెట్టడం ఆచారం. కాయాపేక్షను, ఫలాపేక్షను విడవమనడమే దీని అంతరార్థమని పెద్దలు చెబుతారు గాని, వంటింటిలో అంతరార్థాలు చెల్లవు. వంకాయ విడిచిపెడితే జీవితంలో ఇక మిగిలేదేమిటని ఆయన వాదం. మామిడిపండు ఊసు ఎత్తవద్దని ముందే షరతు. ఏనాడూ ముట్టని కాకరకాయను త్యాగం చేసి పుణ్యం గడించాలనే ఉపాయం ప్రతి ఇంటిలోనూ ఎవరో ఒకరికి తోస్తుంది. "ఇష్టమైనది వదలాలి గాని, ఇష్టం లేనిది వదలడం ఏమిటండీ?" అని ఆమె నిలదీస్తారు. ఆమె ఏది వదలబోతున్నారో మాత్రం చెప్పరు. ఆయనకు ఇష్టమని నలభై ఏళ్ళుగా వండి పెడుతూ, తనకు ఇష్టమైనదేదో ఆమె ఎన్నడూ చెప్పలేదన్న సంగతి ఈ చర్చలోనే ఆయనకు మొదటిసారి స్ఫురించడం కద్దు. ఆ సాయంకాలం రైతుబజారులో ఆయన కొంచెం ఎక్కువ సేపు తచ్చాడతారు.

చివరి వారంలో పాలవానికి, పత్రిక కుర్రవానికి కబురు అందుతుంది. తులసికోటకు నీళ్ళు పోసే బాధ్యత పక్కింటివారిది, తాళంచెవి కూడ వారిదే. మందుల పెట్టెలో పది రోజులకు బదులు పదిహేను రోజుల మాత్రలు. చిట్టచివర ఆమె ఒక నోటుపుస్తకంలో బంధువుల పేర్లు వ్రాస్తారు. తిరిగివచ్చిన తరువాత కాశీ సమారాధన చేయాలి, వచ్చినవారందరికీ సీలు వేసిన గంగ చెంబు, కాశీదారం ఇవ్వాలి. ముప్పై రెండు పేర్లు తేలతాయి. "నలభై చెంబులు తెద్దాం, ఎవరినైనా మరచిపోయి ఉంటాం" అని ఆయన అంటారు. సమారాధన నాటి వంటకాల జాబితా ఆ పక్క పుటలోనే మొదలవుతుంది. అందులో కూర పేరు వ్రాయవలసిన చోట ఖాళీ. గయలో ఎవరు ఏది వదలివస్తారో తెలియనిదే ఆ గడి నింపడానికి వీలులేదు.