పొలం గట్టున హెచ్చరిక పలక



కోత కాగానే పొలానికి అడ్డంగా కాలిబాట పడుతుంది. ఈ ఏడు ఊరుకుంటే పై ఏడు బండి తోలుతారు. అడిగితే, "మాకు తెలియదండీ" అంటారు. అందుచేత జనం అడుగుపెట్టే చోటనే ఒక పలక నిలపండి.

ముందు సర్వే రాళ్లు చూసుకొని, మీ హద్దు లోపలనే గుంట తీయాలి. ఆ రాళ్లను కదపరాదు. 8 అడుగుల గుంజలో 2½ అడుగులు భూమిలో ఉండాలి. చేవ గల తుమ్మగాని, టేకుగాని మేలు. బెరడు తీసి, బాగా ఆరబెట్టి, పాతే భాగానికీ, నేలపైన జానెడు మేరకూ తారు పూస్తే చెద బెడద తగ్గుతుంది. గుంట అడుగున గులకరాళ్లు పోసి, మన్ను పొరలు పొరలుగా వేస్తూ దిమ్మిసతో కొట్టాలి. నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి గుంజను వదులు చేస్తుంది. అక్కడ కంకర, ఇసుక, సిమెంటు కలిపి పోయించండి.

"ఇది సొంత పొలం, లోనికి రావద్దు" అని పెద్ద అక్షరాలతో రాయించండి. చదువురాని వారి కోసం గీత కొట్టిన పాదం బొమ్మ వేయించండి.

అయితే, పొరుగు రైతు ఏనాటినుంచో నడిచే దారిని మూయకండి. 20 ఏండ్లు బాహాటంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచిన దారికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం దారిహక్కు ఏర్పడవచ్చును. గుంజ పాతేముందు ఆయనతో ఒక మాట అనుకుంటే తగవు పొలం దాటి కచేరీ దాకా పోదు.